ఫాల్, పీకో వేరే

ఎంతివ్వమంటావని ఎవరడిగినా ఉప్పలయ్య నోట ఒకటే మాట వచ్చేది. "మీ ఇష్టం సార్."

అవతలివాళ్ళ ఇష్టం ఎప్పుడూ చిన్నదిగానే ఉండేది. ఎండలో నిలబడి నాలుగు వందల అడుగుల బోరులోంచి ఇనప పైపులు ఒక్కొక్కటే పైకి లాగి, మోటారు విప్పి, బాగుచేసి, మళ్ళీ దింపి, నీళ్ళు పోయించి చేతులు కడుక్కుంటే, ఇంటాయన పర్సు తీసి, పెద్ద నోట్లు వెనక్కి నెట్టి చిన్న నోట్లు వెతికేవాడు. "ఇంద, టీ కూడా ఇచ్చాం కదా" అనేవాడు. ఉప్పలయ్య చూసుకోకుండా జేబులో పెట్టుకుని, టీవీఎస్ బండెక్కి, నాచారం చెరువు దాటాక ఆగి అప్పుడు చూసుకునేవాడు. ఆ ఇంటాయన్ని, ఆయన వంశాన్ని, చివరికి తన నోటిని వరసపెట్టి తిట్టుకునేవాడు. ఏళ్ళ తరబడి ఇదే తంతు.

ఆ మాట వాళ్ళ నాయిన ఇచ్చిపోయిన ఆస్తి. మోత్కూరు పక్క ఊళ్ళో నాయిన వడ్రంగం చేసేవాడు. ఏడాది పొడుగునా ఎవరు నాగలి తెచ్చినా, మంచం కోడు తెచ్చినా, తలుపు రెక్క తెచ్చినా చెక్కి ఇవ్వడమే. కోతలయ్యాక కళ్ళం దగ్గర నిలబడితే రైతులు ఆ ఏడాది పనికి మేర ధాన్యం కొలిచేవాళ్ళు. ఇన్ని గింజలు కావాలని నాయిన ఏనాడూ అడగలేదు. "అడిగితే చెయ్యి చిన్నదైతది బిడ్డా" అనేవాడు. అడగని చెయ్యి ఎంత పెద్దదైందో ఉప్పలయ్య కళ్ళారా చూశాడు. ఏడో తరగతిలో బడి మాన్పించి అతన్ని నాచారంలో మోటార్లకు రాగి తీగ చుట్టే కార్ఖానాలో పెట్టారు. రెండువేల మూడులో ఆ కార్ఖానాకు తాళం పడింది. పని చేతిలో మిగిలింది. నాయిన మాట నోట్లో మిగిలింది.

తర్వాత దొరికిన పనల్లా చేశాడు. కొన్నాళ్ళకు ఎక్కువ పని దయాకర్ దగ్గర్నుంచి రావడం మొదలైంది. ఈ దయాకర్ ఉప్పల్ చౌరస్తాలో మోటార్లు అమ్మే షాపులో సేల్స్‌మన్‌గా ఉండి, ఆ తర్వాత సొంతంగా సర్వీసుల ఆఫీసు తెరిచాడు. ఆఫీసంటే ఒక గది, ఒక ఫోను, డజను నీలం టీషర్టులు. రెంచి ఏ వైపు తిప్పాలో అతనికి తెలియదు. ఫోనొస్తే ఉప్పలయ్యకు చెప్పేవాడు. ఉప్పలయ్య టీషర్టు తొడుక్కుని పోయి పని చేసి, ఇంటివాళ్ళు ఇచ్చిన కవరు తెచ్చి బల్ల మీద పెడితే మూడు వందల యాభై చేతిలో పెట్టేవాడు. మోటారు ఎత్తిన రోజైనా అంతే, ఫ్యూజు వేసిన రోజైనా అంతే.

రెండువేల పన్నెండు వేసవిలో ఒకరోజు రామంతాపూర్‌లో ఒక ఇంటికి పంపాడు. స్టార్టర్ డబ్బాలో కెపాసిటర్ పోయింది. మార్చాడు. దాహం వేసి మంచినీళ్ళడిగితే ఇంటావిడ లోపలికి వెళ్ళింది. డబ్బా పక్కన మేకుకు దయాకర్ ఆఫీసు కార్డు ఒకటి వేలాడుతోంది. ప్లాస్టిక్ తొడుగు, అంచుకు బంగారు రంగు. ఉప్పలయ్య అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. 'నిపుణుడైన టెక్నీషియన్ వచ్చి చూచుటకు 750. మోటారు ఎత్తుటకు 2,800.'

ఆ నిపుణుడు తనే.

ఆవిడ నీళ్ళ గ్లాసుతో పాటు కవరు కూడా తెచ్చింది. "కార్డులో ఉన్నంత పెట్టానండీ, చూసుకోండి" అంది. అంతే. పావుగంట పనికి ఇంతా అనలేదు. టీ తాగించాం కదా అనలేదు. పైగా 'అండీ' అంది. ఉప్పలయ్య నీళ్ళు తాగి కార్డు వైపు మళ్ళీ చూశాడు. ఇన్నేళ్ళూ తను ఎండలో చేసిన పనికి రాని మర్యాద ఒక ప్లాస్టిక్ ముక్కకు వచ్చింది.

ఆఫీసుకు పోయి అడిగాడు. "ఏడొందల యాభైల నాకు మూడొందల యాభయ్యేనా దయాకర్?"

దయాకర్ కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు. "ఉప్పలన్నా, కార్డు కొట్టిచ్చినోడిదే రేటు. నువ్వు కూడ కొట్టియ్యి, ఎవడొద్దన్నడు? కొట్టిచ్చి ఏం రాస్తవు? మీ ఇష్టం అని రాస్తవా?"

పక్కనున్న ఇద్దరు టీషర్టుల వాళ్ళు పగలబడి నవ్వారు. ఉప్పలయ్య తన టీషర్టు విప్పి, మడత పెట్టి, బల్ల మీద పెట్టి, బనీనుతోనే చిలకానగర్‌లోని ఇంటికి వెళ్ళాడు.

ఆయన భార్య వెంకటనర్సమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. రెండు గదుల ఇంట్లో ముందు గది ఆమె దుకాణం. మిషను వెనక గోడ మీద ఆమే రంగుతో రాసుకుంది:

సాదా జాకెట్టు 60
లైనింగ్ 130
ఫాల్, పీకో వేరే
అర్జెంటు వేరే

బస్తీలో ఏ ఆడమనిషి వచ్చి "నర్సక్కా, ఎంత?" అన్నా ఆమె తలెత్తేది కాదు. "గోడ మీద సూడు" అనేది. పదిహేనేళ్ళుగా ఆ గోడతో ఎవరూ బేరమాడలేదు. ఆ గోడకే ఆనుకుని రోజూ అన్నం తినే ఉప్పలయ్యకు ఆ అక్షరాలు ఆ రోజే కనిపించాయి.

"నాకు గూడ ఒక కార్డు కొట్టియ్యాలె. నువ్వు రాయి" అన్నాడు.

బనీనుతో వచ్చిన మొగుణ్ణి నర్సమ్మ ఎగాదిగా చూసింది. అడిగి తెలుసుకుంది. పదో తరగతి పాసైన మనిషి, రాత చక్కనిది. కాగితం తీసింది. "ఏం రాయాలె?"

"సంవత్సరానికి ఇంత అని ఒకటే రేటు. మోటరుకు ఏమైనా మేమే సూసుకుంటం. గంతే."

"ఏమైనా అంటే?"

"ఏమైనా అంటే ఏమైనానే."

"మరి వేరే కిందికి ఏమొస్తయి? గది రాయకపోతే ఎట్ల?"

"ముందుగాల్నే గది జెయ్య, గిది జెయ్య అని రాస్తే ఎవడు పిలుస్తడే? మంచిగ పని షురూ జేసేటప్పుడు కాదు అనే మాటేంది? మా నాయిన కళ్ళం కాడ గట్లనే జెప్పిండా?"

"మీ నాయిన మొఖం ఆ ఊరోళ్ళకు రోజూ కనబడేది. ఆయన ఇంట్ల పొయ్యి రాజలేదంటె వాళ్ళకు తెల్సేది. వీళ్ళకు నీ మొఖం నీళ్ళు బందైనప్పుడే యాదికొస్తది."

"నువ్వు రాయి."

నర్సమ్మ రాసింది. ఉప్పల్ బస్టాండు వెనక ప్రెస్సులో రెండు వందల కార్డులు కొట్టించాడు. అపార్టుమెంటుకైతే ఏడాదికి పద్దెనిమిది వేలు, విడి ఇంటికైతే మూడు వేలు.

మొదటి వారంలోనే పెద్ద చేప పడింది. నాచారం హెచ్ఎంటీ నగర్‌లో శ్రీనిలయం అపార్టుమెంటు, ముప్ఫై రెండు ఇళ్ళు, ఒకటే బోరు. సెక్రటరీ సత్యనారాయణమూర్తి బ్యాంకులో రిటైరైన గుమాస్తా, తణుకు వైపు మనిషి. కూరగాయల బండి దగ్గర కరివేపాకు రెబ్బకు కూడా బేరమాడే ఆ పెద్దమనిషి కార్డును రెండుసార్లు చదివి, "పద్దెనిమిది వేలు. ఏమైనా నువ్వే చూసుకుంటావ్. అంతేగా?" అని ఒక్క రూపాయి తగ్గించమనకుండా చెక్కు రాసిచ్చాడు. ఆ సంతోషంలో ఉప్పలయ్యకు అనుమానం రాలేదు. బేరగాడు బేరమాడలేదంటే బేరం వాడికే గిట్టిందని అర్థం. ఈ ముక్క తెలుసుకోవడానికి ఆయనకు ఏడాది పట్టింది.

జూన్‌లో ఫోనొచ్చింది. రెండో అంతస్తులో నల్లా కారుతోంది. "బోరు నీళ్ళే కదయ్యా కారేది" అన్నాడు మూర్తి. జూలైలో పైన ట్యాంకులో పావురం పడింది. తీశాడు, ట్యాంకు కడిగాడు. ఆగస్టులో మూర్తి భార్య ఛాయాదేవి మిక్సీ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద ఎదురుచూస్తోంది. "కార్డులో మోటారుకు ఏమైనా అని ఉందటగా ఉప్పలయ్యా. ఇందులోనూ మోటారే కదా" అంది. ఆమె నవ్వలేదు. నిజంగానే అడిగింది. అదీ బాగుచేశాడు.

ఆ ఏడు కరెంటు కోతలకు లెక్కలేదు. పోయింది పోయినట్టు వచ్చేది కాదు, వస్తే సన్నగా వచ్చేది. వాచ్‌మన్ స్టార్టర్ నొక్కేవాడు, మోటారు మూలిగేది, రాగి తీగ మాడేది. నాలుగుసార్లు కాలింది. నాలుగుసార్లూ అడ్డా మీది కూలీలను పెట్టి ఇరవై పైపులు ఎత్తించి, కొత్త తీగ చుట్టి దింపాడు. కూలీ, తీగ అన్నీ తన జేబులోంచే. పద్దెనిమిది వేలు దసరాకే ఒట్టిపోయాయి.

"ఇడిసిపెట్టు. పోన్ ఎత్తకు" అంది నర్సమ్మ.

"ఎత్తుత. మాటిచ్చిన. సంవత్సరం నిండేదాక పోత" అన్నాడు ఉప్పలయ్య పళ్ళు బిగబట్టి. "గని ఈ సంవత్సరం ఉత్తగ పోనియ్య. నాకు లెక్క దెల్వాలె."

లెక్క రాసే ఓపిక ఆయనకు లేదు. నర్సమ్మ ఒక ఇనప తీగ వంచి తలుపు పక్కన కట్టింది. ఆయన శ్రీనిలయం పనికి పోయి వచ్చినప్పుడల్లా ఆమె కత్తిరింపుల మూటలోంచి ఒక గుడ్డముక్క తీసి ఆ తీగకు గుచ్చేది. పైపులు ఎత్తిన రోజు మందపాటి లైనింగ్ గుడ్డ. స్టార్టర్ డబ్బా పనైతే సాదా గుడ్డ. నల్లాలు, మిక్సీలు, పావురాలు, బోరు మోటారుతో సంబంధం లేని పని ఏదైనా చీర ఫాలు ముక్క. అప్పటిదాకా అయిన పనులకు కూడా ఆయన గుర్తు చేసుకుని చెబితే గుచ్చింది. బంద్ రోజున ఆటోలు లేక, తన బండి రిపేర్లో ఉంటే, పనిముట్ల సంచి భుజాన వేసుకుని చిలకానగర్ నుంచి హెచ్ఎంటీ నగర్ దాకా నడిచిపోయాడు ఉప్పలయ్య. తీరా చూస్తే ఎవరో మెయిన్ స్విచ్ ఆపి మరిచిపోయారు. ఆ రోజుకు కూడా నర్సమ్మ ఒక ఫాలు ముక్క గుచ్చింది.

ఏడాది నిండేసరికి తీగ నిండింది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని ముక్కలు వేరు చేశారు. లైనింగ్ గుడ్డలు నాలుగు. సాదావి పదకొండు. ఫాలు ముక్కలు ఇరవై ఎనిమిది.

ఉప్పలయ్య ఆ ఇరవై ఎనిమిది ముక్కలను అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. "నేను మునిగింది మోటరుతోని కాదే. గీ పీలికలతోని."

"ఫాల్, పీకో వేరే" అంది నర్సమ్మ మిషను తొక్కుతూ.

ఈసారి కార్డు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. సాదా ప్యాకేజీ ఏడాదికి పన్నెండు వేలు: నెలకొకసారి వచ్చి చూడ్డం, స్టార్టర్ పనులు, ఫోన్ చేసిన రోజే రావడం. లైనింగ్ ప్యాకేజీ ఇరవై ఆరు వేలు: అవన్నీ, రెండుసార్లు ఎత్తడం, ఒకసారి తీగ చుట్టడం, మోటారుకు కట్టే తాడు ఏటా కొత్తది. కింద 'వేరే' అని రాసి, ఒక్కొక్క పనికీ ఎదురుగా దాని రేటు. ప్రెస్సతను ఆ కింది వరసలు చిన్నక్షరాల్లో వేద్దామన్నాడు, అందరూ అలాగే వేస్తారట.

"ఒద్దు. గోడ మీద ఎట్ల రాసిన్నో గట్లనే ఉండాలె. అన్నీ ఒకటే సైజు" అంది నర్సమ్మ.

"మోటరుకు లైనింగేందక్కా?" అని నవ్వాడు ప్రెస్సతను.

"తెలిసేటోళ్ళకు తెలుస్తది" అంది.

ఏప్రిల్ ఆఖరి ఆదివారం శ్రీనిలయంలో మీటింగ్. సెల్లార్‌లోంచి కార్లు బయటికి తీసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వచ్చే ఏడాదికి మోటారు పని ఎవరికివ్వాలో తేల్చాలి. ఉప్పలయ్య ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళేసరికి మొదటి వరసలో దయాకర్ కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో రంగుల ఫైలుతో. ఉప్పలయ్య సంచిని చంకలోకి లాక్కున్నాడు. చేతిలో ఉన్న పెద్ద పని ఇదొక్కటే. ఇది పోతే మళ్ళీ ఆ నీలం టీషర్టే గతి.

"రావయ్యా ఉప్పలయ్యా" అన్నాడు మూర్తి. "పాతవాడివి, నీకే ఇద్దామని ఉంది. ఈయన పదిహేనుకే చేస్తానంటున్నాడు. నువ్వు ఆ పద్దెనిమిదికే కదా?"

"ఇరవై ఆరు వేలు సార్."

కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఇరవై ఆరా! రాష్ట్రం ఇంకా రానేలేదు, అప్పుడే రేట్లు పెంచేశావేవిటయ్యా?"

అందరూ నవ్వారు. ఉప్పలయ్య నవ్వలేదు. "రాష్ట్రానికీ నా రేటుకూ సంబంధం లేద్సార్. కార్డు సదువుండ్రి."

మూర్తి కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "సాదా... లైనింగ్... ఇదేవిటి, మోటారుకి జాకెట్టు కుడతావా?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. దయాకర్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఉప్పలయ్య సంచిలోంచి ఇనప తీగ తీసి, గుడ్డముక్కలతో సహా మూర్తి ముందున్న బల్ల మీద పరిచాడు.

"పోయినేడు మీరు నన్ను నలభై మూడుసార్లు పిలిసిన్రు. గీ నాలుగు మోటరు ఎత్తినయి. గీ పదకొండు డబ్బా పని. గీ ఇరవై ఎనిమిది సూడుండ్రి, గివి మీ నల్లాలు, మీ కూలర్లు, మీ మిక్సీలు." వెనక వరసలో ఛాయాదేవి పైట సర్దుకుని వేరే వైపు చూసింది. "తప్పు మీది కాదు. నేను గట్ల రాసిన, మీరు గట్ల పిలిసిన్రు. ఇప్పుడు రాసింది జేస్త. రాయంది కావాలంటే దాని రేటు దానికున్నది."

అపార్టుమెంటు డబ్బులు చూసే బిందుమాధవి, స్కూలు టీచరు, తీగను చేతిలోకి తీసుకుని ముక్కలన్నీ ఒక్కొక్కటిగా జరిపి చూసింది. "బాగానే వాడుకున్నామండీ మనం" అంది ఎవరివైపూ చూడకుండా.

"ఇంకో మాట సార్" అన్నాడు ఉప్పలయ్య. "మోటరుకు కట్టిన తాడు చీకిపోయింది. పైపు జారితే పట్టేది ఆ తాడే. పని ఎవరికిచ్చినా ఇయ్యుండ్రి గని, తాడు మాత్రం మార్పియ్యుండ్రి."

"అన్న భయపెట్టి అమ్ముతున్నడు సార్" అన్నాడు దయాకర్. "మా గోల్డు కార్డుల గసొంటి ఫికరే ఉండది."

మూర్తి చెయ్యెత్తి ఆపాడు. "సరే. చివరి మాట చెప్పవయ్యా. ఇరవైకి చేస్తావా?"

ఆ మాట గొంతుదాకా వచ్చింది. మీ ఇష్టం సార్. నాలుగు తియ్యని అక్షరాలు. అనేస్తే కుర్చీలన్నీ చల్లబడతాయి, మూర్తి భుజం తడతాడు, టీ వస్తుంది. మళ్ళీ ఏడాది పాటు తలుపు పక్కన పీలికలు వేలాడతాయి. ఉప్పలయ్య ఆ మాటను గుటకతో పాటు లోపలికి మింగాడు.

"ఇరవై ఆరు సార్."

"అంతేనా?"

"గంతే."

చేతులెత్తమన్నారు. దయాకర్‌కు పంతొమ్మిది. ఉప్పలయ్యకు ఆరు. ఆయన తీగ చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాడు. గేటు దగ్గర బిందుమాధవి ఎదురొచ్చి, "ఒక కార్డు నా దగ్గర ఉంచుకోవచ్చాండీ?" అని అడిగి తీసుకుంది.

ఇంటికి పోతే నర్సమ్మ తలెత్తకుండా అడిగింది. "ఏమన్నరు?"

"దయాకర్‌కు ఇచ్చిన్రు."

"నువ్వెంతన్నవ్?"

"ఇరవై ఆరు."

"రెండోసారి అడిగితే?"

"ఇరవై ఆరే అన్న."

మిషను ఆగింది. "అయితే ఇంక కాళ్ళు కడుక్కో. అన్నం తిందువు" అంది.

మే నెల నిప్పులు చెరిగింది. రెండో వారంలో శ్రీనిలయం మోటారు కాలింది. ఫోను మూర్తి చేయలేదు, దయాకర్ చేశాడు.

"ఉప్పలన్నా, పాత మాటలు మనసుల పెట్టుకోకు. శ్రీనిలయంల మోటరు ఎత్తాలె. నీకు తెల్సిన బోరే గదా. ఐదొందలు ఇస్త."

"ఎత్తుడు పద్దెనిమిదొందలు. కూలోళ్ళు అండ్లనే. తీగ సుట్టుడు వేరే. తాడు వేరే."

"నాతోనే గట్ల మాట్లాడుతవా? ఇంక నీకు ఒక్క కాల్ ఇయ్య, యాదికుంచుకో. ఉప్పల్ల నీకు పని దొర్కకుండ జేస్త!"

"కార్డుల ఉన్నదే జెప్పిన దయాకర్" అని ఫోను పెట్టేశాడు.

దయాకర్ అన్నంత పనీ చేశాడు. వారం గడిచింది. రెండు విడి ఇళ్ళ పని తప్ప ఇంకేదీ రాలేదు. పెళ్ళిళ్ళ రోజులు కాబట్టి నర్సమ్మ అర్జెంటు జాకెట్లతో ఇల్లు నడిచింది. ఉప్పలయ్య ఆమెకు హుక్కులు కుట్టి పెట్టాడు. కుట్టిన ప్రతి హుక్కుకూ దయాకర్‌ను ఒక తిట్టు తిట్టాడు. ఫోను మాత్రం చేయలేదు.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం ఇంటి ముందు స్కూటర్ ఆగింది. మూర్తి. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చేతిలో బిందుమాధవి ఉంచుకున్న కార్డు. గుమ్మంలో నిలబడే చెప్పాడు. దయాకర్ ఎవరో ఇద్దరిని పంపాడు. వాళ్ళు ఆరు పైపులు ఎత్తారు. ఏడోదానికి క్లాంపు సరిగా బిగించలేదు. పైపు జారింది. తాడు దారంలా తెగింది. పద్నాలుగు పైపులు, మోటారు, మొత్తం బోరులోకి పోయాయి. దయాకర్‌ను నిలదీస్తే కార్డు తిప్పి చూపించాడు. వెనకవైపు, చీమ తలకాయంత అక్షరాల్లో, 'బోరులో పడిన వస్తువులకు మా బాధ్యత లేదు' అని ఉంది.

"వారం రోజుల్నించి నీళ్ళు లేవయ్యా. ట్యాంకరు వాడు రమ్మన్నప్పుడు రాడు. ముప్ఫై రెండిళ్ళ వాళ్ళూ నన్ను పీక్కు తింటున్నారు." మూర్తి గొంతు తగ్గింది. "నువ్వు తియ్యగలవని బిందుమాధవి గారన్నారు. నీ ఇష్టమయ్యా. ఎంతైనా అడుగు."

మిషను చప్పుడు ఆగింది. నర్సమ్మ మొగుడివైపు చూసింది.

నీ ఇష్టం. తను జీవితమంతా పంచిపెట్టిన మాట ఇన్నాళ్ళకు తన గుమ్మంలోకి వచ్చింది. పదిహేను వేలంటే పదిహేను ఇస్తారు. ఇరవై అన్నా ఇస్తారు. ఉప్పలయ్య మనసులో ఆ చేతులెత్తిన పంతొమ్మిది మంది, ఆ నవ్వులు, ఆ మిక్సీ, ఆ పావురం అన్నీ గిర్రున తిరిగాయి. గుంజాలనే అనిపించింది. కానీ ఇవాళ తన ఇష్టమైతే, మోటారు తిరిగాక రేపు మళ్ళీ వాళ్ళ ఇష్టమే అవుతుంది. ఇష్టాల మీద నడిచే బేరంలో గెలిచేది అవసరం లేనివాడే. తనకెప్పుడూ అవసరం ఉంటుంది.

"నా ఇష్టమేం లేద్సార్" అన్నాడు. "బోరుల పడ్డది తీసుడు ఆరు వేలు. రాకపోతే నా రెక్కల కష్టానికి రెండు వేల ఐదొందలు. తీగ సుట్టుడు, తాడు వేరే, కార్డుల ఉన్నయి సూడుండ్రి. పని అయినంక, మోటరు నడిపే ముందు పైసలు."

మూర్తి కార్డు చూశాడు. గోడ చూశాడు. గోడ మీది నాలుగు వరసలూ పెదవులు కదుపుతూ చదివాడు. "ఆరు వేలేనా?" అన్నాడు నమ్మలేనట్టు.

"ఆరు వేలే."

శనివారం పొద్దున్నే ఇద్దరు కూలీలతో వెళ్ళాడు. మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, కార్ఖానా రోజుల్లో తనే కొట్టించుకున్న ఇనప గాలాన్ని బోరులోకి వదిలాడు. కింద ఏముందో కంటికి కనిపించదు, తాడు చెబితే చెయ్యి వినాలి. మొదటిసారి జారింది. రెండోసారి పట్టినట్టే పట్టి వదిలేసింది. బాల్కనీల్లోంచి ఆడవాళ్ళు ఖాళీ బకెట్ల పక్కన నిలబడి చూస్తున్నారు. మూడోసారి ఉప్పలయ్య కళ్ళు మూసుకుని తాడును రెండు వేళ్ళ మధ్య తిప్పాడు. ఎక్కడో అడుగున పైపు మూతి గాలానికి కరుచుకుంది. "గుంజుండ్రిరా, మెల్లగ!" అన్నాడు. ఒక్కొక్క పైపే ఎండలోకి వచ్చింది. ఆఖరున బురద పూసుకున్న మోటారు వచ్చింది.

దాన్ని ఇంటికి తీసుకుపోయి తీగ చుట్టి, ఆదివారం సాయంత్రానికి కొత్త తాడుతో దింపాడు. స్టార్టర్ డబ్బా మూత తీసి నిలబడ్డాడు. మూర్తి నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఉప్పలయ్య ఈసారి చెరువు దాటేదాకా ఆగలేదు. అక్కడే, అందరి ముందూ, వేలు తడుపుకుని లెక్కపెట్టాడు.

"ఐదొందలు తక్కువున్నయి సార్."

"ఉంచవయ్యా. ఆ ఐదొందలు తర్వాత చూసుకుందాంలే. అంతా సంతోషంగా ఉన్న టైములో..."

ఉప్పలయ్య ఆకుపచ్చ బటన్ మీద బొటనవేలు పెట్టాడు. నొక్కలేదు. మూర్తి వైపు చూడలేదు, బాల్కనీల వైపు కూడా చూడలేదు. గోడవైపు తిరిగి, ఆ వేలు అక్కడే ఉంచి నిలబడ్డాడు. నిమిషం గడిచింది. మూడో అంతస్తులోంచి ఎవరో "ఏమైందండీ? నొక్కరేం?" అని కేకేశారు. బిందుమాధవి పర్సు తెరవబోయింది.

"మీరు కాద్మేడం" అన్నాడు ఉప్పలయ్య. "కార్డు సారు సదివిండు."

మూర్తి చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా లోపలి జేబులోంచి మడతపెట్టిన ఐదు వందల నోటు తీసి అందించాడు. నోటు వెచ్చగా ఉంది. ముందే విడిగా పెట్టుకున్న నోటు అది.

ఉప్పలయ్య దాన్ని మిగతా వాటితో కలిపి జేబులో పెట్టుకుని బటన్ నొక్కాడు. పైపు గురగురమంది, దగ్గింది, ముందు ఎర్రటి బురద నీళ్ళు, ఆ తర్వాత తెల్లటి ధార. పైనుంచి బకెట్ల చప్పుడు మొదలైంది.

"రేపు మీటింగు పెడతాం" అన్నాడు మూర్తి ధారవైపు చూస్తూ. "ఆ ఇరవై ఆరు..."

"ఇరవై ఆరే సార్" అన్నాడు ఉప్పలయ్య, క్లాంపులు ఏరి సంచిలో వేసుకుంటూ.